గూడ్సు బండికి టైము లేదంటారు: గోదావరి వంతెన దగ్గర నాలుగు నెలల డైరీ

2024 నవంబరు 10, ఆదివారం

ఈరోజు నుంచి నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. పని చెప్పడానికి చిన్నది. మంచిర్యాల దగ్గర గోదావరి వంతెన మీద బొగ్గు బండి పోతూ ఉండాలి, దాని వెనక సూర్యుడు అప్పుడే లేస్తూ ఉండాలి. ఒక్క ఫొటో చాలు.

ఈ లైను పక్కనే పుట్టి పెరిగాను. కాజీపేట నుంచి బల్లార్షా దాకా పట్టాలు కలిసింది 1929లో. మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి పడింది అప్పుడే. ఇప్పుడు దక్షిణాది నుంచి ఢిల్లీ పోయే పెద్ద బండ్లలో చాలావరకు మా ఊరి మీదుగానే పోతాయి. వాటి ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి. గూడ్సు బండిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నేను పట్టించుకుంటాను, ఎందుకంటే మా ఇంట్లో వెలిగే బల్బుకూ దానికీ సంబంధం ఉంది.

ఉదయం ఆరుకల్లా ఒడ్డుకు చేరాను. ఎనిమిది దాకా నిలబడ్డాను. రెండు ఎక్స్‌ప్రెస్‌లు పోయాయి. గూడ్సు ఒక్కటీ రాలేదు. విసుగొచ్చి కెమెరా బ్యాగులో పెట్టి బైకు స్టార్ట్ చేశాను. ఊళ్లోకి వచ్చేసరికి వంతెన వైపు నుంచి హారన్. తర్వాత తెలిసింది, వరసగా రెండు బొగ్గు బండ్లట.

నవంబరు 17, ఆదివారం

ఈ వారం అనుకోకుండా ఒక పాఠం దొరికింది. 12వ తేదీ, మంగళవారం రాత్రి పెద్దపల్లి జిల్లా రాఘవాపురం దగ్గర ఇనుప కాయిల్స్ తీసుకెళ్తున్న గూడ్సు పట్టాలు తప్పింది. 11 వ్యాగన్లు పడ్డాయి. మూడు లైన్లూ దెబ్బతిన్నాయి. పదుల కొద్దీ రైళ్లు రద్దయ్యాయి, ఇంకొన్నింటిని వేరే దారిలో పంపారు. మా కాలేజీలో సగం మంది స్టాఫ్‌కు చుట్టాలు ఎక్కడో ఒక చోట ఇరుక్కుపోయి, రెండు రోజులు స్టాఫ్ రూములో అదే కబురు.

లైను తెరిచాక ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను. బండి వెనక బండి. సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ ఊరి బయట ఆగితే గంటలోపే అయిదు గూడ్సులు. మామూలు రోజుల్లో రెండొస్తే గొప్ప.

ఇంటికొచ్చి నోట్‌బుక్కులో ఒక్క మాట రాసుకున్నాను: గూడ్సు ఎప్పుడొస్తుంది అని అడగడం దండగ, దాన్ని ఏది ఆపుతోంది అని అడగాలి. అది వదిలిన మరుక్షణం మనం అక్కడ ఉండాలి.

ప్యాసింజరు బండ్లకు టైం టేబుల్ ఉంది. ఫోన్‌లో వేర్ ఈజ్ మై ట్రైన్ తెరిస్తే నిమిషాలతో సహా చూపిస్తుంది. గూడ్సుకు అవేవీ లేవు. ఎక్స్‌ప్రెస్‌కూ ఎక్స్‌ప్రెస్‌కూ మధ్య దొరికిన సందులో దాన్ని తోస్తారు. సందు లేకపోతే ఏదో ఒక స్టేషన్‌లో లూప్ లైన్లోకి, అంటే పక్క పట్టాల మీదికి, తీసి కూర్చోబెడతారు. అంటే నాకు కావలసింది గూడ్సు టైం టేబుల్ కాదు, ఎక్స్‌ప్రెస్‌లదే. దాన్ని తలకిందులుగా చదవాలి.

నవంబరు 24, ఆదివారం

అక్క వాళ్ల ఊరు పెద్దపల్లి వైపు. వాళ్ల ఊరి గేటు దగ్గర ఈరోజు నాలుగు గంటలు కూర్చున్నాను. మేనల్లుడు చింటూ కూడా వచ్చాడు. పదో తరగతి చదువుతున్నాడు, చదువు ఒక్కటి తప్ప అన్నింటి మీదా శ్రద్ధే. వ్యాగన్లు లెక్కపెట్టే పని వాడికి అప్పజెప్పాను.

గేట్‌మన్ మొదట్లో మమ్మల్ని అనుమానంగా చూశాడు. కెమెరా చూసి ఇంకా ముడుచుకుపోయాడు. ఫొటోలు గేటు బయట రోడ్డు మీద నుంచే తీస్తానని, గుమ్టీలోకి, అంటే ఆయన గదిలోకి గానీ, పట్టాల మీదికి గానీ రానని చెప్పాక కాస్త మెత్తబడ్డాడు.

"ఎందుకు సార్, గూడ్సు బండిని ఫొటో తీసుడు? వందే భారత్ వస్తది గదా, అది తియ్యుండ్రి, మంచిగుంటది."

నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందే భారత్ సెప్టెంబరులోనే మొదలైంది. ఊళ్లో పిల్లలంతా దానికే చేతులూపుతున్నారు. గూడ్సుకు ఊపేవాళ్లు చింటూ, నేను, గేట్‌మన్. ఆయనది ఉద్యోగం కాబట్టి జెండా ఊపుతాడు.

గేటు దగ్గర కూర్చుంటే రైల్వే ఎలా నడుస్తుందో కొంచెం కొంచెంగా అర్థమవుతుంది. ముందు గుమ్టీలో ఫోన్ మోగుతుంది. అవతల స్టేషన్ మాస్టర్. ఏ వైపు నుంచి, ఏ లైన్లో వస్తుందో చెబుతాడు. ఇతను గేటు వేసి ఒక ప్రైవేట్ నంబర్ చెబుతాడు, అవతలి నుంచి వచ్చిన నంబర్ పుస్తకంలో రాసుకుంటాడు. గేటు పడిందనడానికి ఆ రెండు నంబర్లే సాక్ష్యం. ఆ తర్వాత బయటికొచ్చి నిలబడతాడు. బండి పోతున్నంతసేపూ చక్రాల వంకే చూస్తాడు. పొగ వస్తోందా, ఏదన్నా వేలాడుతోందా, ఇరుసు దగ్గర ఎర్రగా కాలుతోందా అని. చివరి పెట్టె వెనక ఎల్‌వీ అని రాసిన పలక కనిపించాకే చూపు తిప్పుతాడు. ఎల్‌వీ అంటే ఆఖరి వాహనం. అది కనపడలేదంటే బండి మధ్యలో తెగి, సగం ఎక్కడో వెనక ఉండిపోయిందని అనుమానపడాలి.

"ఇంజన్ ఎవలైనా చూస్తరు సార్. మేం తోక చూస్తం."

చింటూ లెక్క: బొగ్గు నిండిన బాక్స్‌ఎన్ వ్యాగన్లు 58, వెనక గార్డు ఉండే బ్రేక్ వ్యాను. ఒక్కో వ్యాగన్ పొడవు పది మీటర్ల ముప్పావు వరకు ఉంటుంది. ఇంజన్‌తో కలిపితే బండి మొత్తం సుమారు 650 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే మన ముందు నుంచి దాటడానికి 40 సెకన్లు పడుతుంది. ఫొటోగ్రాఫర్‌కు ఇది చాలా ఎక్కువ టైము అనిపిస్తుంది. కాదు. ఇంజన్ ముఖం సరిగ్గా అనుకున్న చోట ఉండేది అర సెకనే. మిగతా ముప్పై తొమ్మిదిన్నర సెకన్లు బాధపడటానికి.

డిసెంబరు 1, ఆదివారం

చోట్లు వెతకడానికి రోజంతా తిరిగాను. దొరికినవీ వదిలేసినవీ ఇలా.

రోడ్డు ఓవర్ బ్రిడ్జి మీద నుంచి బాగుంటుందని ఎప్పటి నుంచో అనుకునేవాణ్ణి. ఎక్కి చూస్తే పట్టాల పైభాగం అంతా ఎత్తుగా ఇనుప జాలీ. కింద కరెంటు తీగలో 25 వేల వోల్టులు ఉంటాయి, జాలీ పెట్టకపోతే ఎవడో ఒకడు తడిగుడ్డ ఆరేస్తాడు. మొబైలుకైతే జాలీ కంతలో లెన్స్ పడుతుంది. నా పెద్ద లెన్స్ పట్టదు. వదిలేశాను.

రామగుండం ఎన్టీపీసీకి సొంత రైలు ఉంది. గనుల నుంచి బొగ్గు తెచ్చి, ప్లాంటు లోపల ఆగకుండా నెమ్మదిగా కదులుతూనే అడుగు తలుపులు తెరిచి బొగ్గు కుమ్మరించి, చుట్టూ తిరిగి మళ్లీ గనికి పోతుంది. మెర్రీ గో రౌండ్ అంటారు, పేరు తగ్గట్టే రంగులరాట్నం. చూడటానికి నాకు దానంత ఇష్టమైన బండి ఈ చుట్టుపక్కల లేదు. కానీ అదంతా కాపలా ఉండే చోటు. అక్కడ కెమెరా తీయడం నాకు బాగనిపించలేదు. అదీ వదిలేశాను.

పెద్దపల్లికి ఇవతల ఒక వంపు ఉంది. పొలం గట్టు మీద నిలబడితే బండి మొత్తం విల్లులా వంగి కనపడుతుంది. రైతును అడిగాను, వరి కోత అయిపోయింది, నిలబడుకో అన్నాడు. ఇది ఉంచుకున్నాను. ఇలాంటి చోటు మళ్లీ వెతుక్కోవడానికి ఒక ఉపాయం ఉంది. కరెంటు స్తంభాల మీద నంబర్లు రాసి ఉంటాయి, పైన కిలోమీటరు, కింద ఆ కిలోమీటరులో స్తంభం వరస. గట్టు మీద నుంచే జూమ్ చేసి ఆ నంబర్ ఫొటో తీసుకున్నాను. గూగుల్ పిన్ కన్నా ఇదే ఖాయం.

ఇక్కడే ఒక తప్పు కూడా చేశాను. ఇంకొంచెం దగ్గరగా తీద్దామని గట్టు దిగి కంకర దాకా వెళ్లాను. యూనిఫాంలో ఉన్న ఒకాయన దూరం నుంచే కేక వేశాడు. దగ్గరికొచ్చి మర్యాదగానే చెప్పాడు. పట్టాల హద్దులోకి అనుమతి లేకుండా వస్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నేను పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, ఆయన ముందు పదో క్లాసు పిల్లాడిలా నిలబడ్డాను. పక్కన నిజంగా పదో క్లాసు పిల్లాడు నవ్వుతున్నాడు. ఇక పొలం గట్టు దాటను. దగ్గరగా తీయాలంటే లెన్స్ జూమ్ చేయాలి, కాళ్లు కాదు.

డిసెంబరు 4, బుధవారం

రైలు ముచ్చట కాదు గానీ రాసుకోవాలి. పొద్దున 7:27కు ఇంట్లో టీ తాగుతుంటే కప్పు గలగలమంది, కిటికీ అద్దం వణికింది. నా చెయ్యి దానంతట అదే కెమెరా బ్యాగు వైపు పోయింది. బరువైన గూడ్సు పోతోంది అనుకున్నాను. ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం. మా ఆవిడ అందరికీ ఫోన్ చేసి ఇదే చెబుతోంది: "భూమి కదిలితే ఈయన బొగ్గు బండి అనుకున్నడు."

డిసెంబరు 15, ఆదివారం

వంపు దగ్గర తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా. పది దాటాక బండ్లు పలచబడ్డాయి. పదకొండు తర్వాత ఒక లైన్లో అసలేమీ లేవు. అప్పుడే కీమన్ అటుగా వచ్చాడు. భుజాన సుత్తి, చేతిలో చుట్టిన జెండాలు. రోజూ పొద్దున తన భాగం అంతా నడిచి పట్టాల క్లిప్పులు వదులయ్యాయేమో చూసుకుంటూ పోయే మనిషి.

"బ్లాకు నడుస్తుంది సార్. మనోళ్లు పట్టాల పని చేస్తున్నరు. అయిపోయినంక సూడుండ్రి, గూడ్సులు చీమల బారు లెక్క వస్తయి."

పట్టాల రిపేరుకు, తీగల రిపేరుకు రోజులో కొంతసేపు లైను మూసి ఇస్తారు. దాన్నే బ్లాకు అంటారు. పట్టాలు తప్పిన రోజు పెద్ద ఎత్తున జరిగినదే ఇక్కడ చిన్న ఎత్తున రోజూ జరుగుతుంది. రెండున్నరకు బ్లాకు ఎత్తేశారు. మూడింటి లోపు నాలుగు బండ్లు: బొగ్గు, కంటైనర్లు, మూత వ్యాగన్లు, మళ్లీ బొగ్గు ఖాళీలు. మూత వ్యాగన్లలో బియ్యమో యూరియానో, బయటి నుంచి తెలియదు. మా వైపు రెండూ నడుస్తాయి.

మొదటి బొగ్గు బండి దగ్గర్లోని స్టేషన్ లూప్‌లో నిలబడి ఉన్నదే. అది కదలడం నేను చెవులతో చూశాను అనాలి. ముందు ఇంజన్ గుయ్యిమంటుంది. తర్వాత వ్యాగన్లను కలిపే మొదటి కప్లింగ్ సాగి ఖణేల్ మంటుంది. ఆ చప్పుడు వ్యాగన్ నుంచి వ్యాగన్‌కు పాకుతూ వెనక్కి పోతుంది, ఖణ్ ఖణ్ ఖణ్ అని, ఎవరో ఇనుప గొలుసును మెట్ల మీద ఈడుస్తున్నట్టు. మన ముందు వ్యాగన్ ఇంకా కదలకముందే ఇంజన్ దగ్గర వ్యాగన్ నడుస్తూ ఉంటుంది. లూప్ నుంచి మెయిన్ లైన్లోకి ఎక్కేటప్పుడు నెమ్మదిగా పోవాలి కాబట్టి ఫొటోలకు బోలెడు టైము దొరికింది.

అన్నీ బాగానే ఉన్నాయి, వెలుగు తప్ప. మధ్యాహ్నం ఎండలో ఇంజన్ ముఖం మీద తీగల నీడ, స్తంభం నీడ అడ్డంగా గీసినట్టు పడ్డాయి. గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-9 కరెంటు ఇంజన్లు మామూలుగా వెనక పాంటోగ్రాఫ్, అంటే పై తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం, ఎత్తుకుని నడుస్తాయి, దానివల్ల ముందు వైపు చూడటానికి శుభ్రంగా ఉంటుంది. శుభ్రంగా ఉన్న ఆ ముఖం మీదే నీడ గీత. ఆరువేల పైచిలుకు హార్స్‌పవర్ ఇంజన్‌కు దిష్టిచుక్క.

బండ్లు ఎక్కువ వచ్చే టైములో వెలుగు చెడ్డది. వెలుగు మంచిదయ్యే టైములో బండ్లు ఎక్స్‌ప్రెస్‌ల వెనక దాక్కుంటాయి. ఈ పనిలో కష్టం అంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

డిసెంబరు 22, ఆదివారం

నిన్న సూర్యుడు దక్షిణానికి పోగలిగినంత దూరం పోయాడు. ఈ లెక్క నాకు ఎందుకంటే వంతెన దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంది. నది పడమటి నుంచి తూర్పుకు పారుతోంది. నేను నిలబడే చోటు మంచిర్యాల ఒడ్డున, వంతెనకు పడమర. అక్కడి నుంచి వంతెన ఆగ్నేయం వైపు కనపడుతుంది.

మన దగ్గర డిసెంబరులో సూర్యుడు నిక్కచ్చి తూర్పుకు 25 డిగ్రీలు దక్షిణంగా లేస్తాడు. జూన్‌లో అంతే ఉత్తరంగా. రెండింటికీ మధ్య 50 డిగ్రీలు. అంటే చలికాలంలో వంతెన కమ్మీల వెనక, నీళ్ల మీద నుంచి పైకి వస్తాడు. సంక్రాంతి దాటి, ఉత్తరాయణం ముదిరేకొద్దీ ఒడ్డు వైపు జరిగిపోతాడు. మార్చి రెండో వారం తర్వాత నా ఫ్రేములో ఉండడు, ఎవరి ఇంటి వెనకో లేస్తాడు. మళ్లీ అక్టోబరు దాకా ఆగాలి.

కాబట్టి మార్చి మొదటి వారమే గడువు. ఆదివారాలు పది మిగిలాయి. ఒక్కో ఆదివారం పదిహేను నిమిషాల వెలుగు. అంటే చేతిలో ఉన్నది మొత్తం రెండున్నర గంటలు. బోర్డు మీద ఇలాంటి లెక్కలు చేయిస్తే పిల్లలు నిద్రపోతారు. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

2025 జనవరి 5

ఈరోజు పని పద్ధతి మార్చాను. నేరుగా ఒడ్డుకు పోకుండా అయిదు ముప్పావుకు ముందు స్టేషన్‌కు పోయాను. పది రూపాయలు పెట్టి ప్లాట్‌ఫాం టికెట్ కొని ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కాను. కెమెరా బ్యాగులోనే ఉంది, చూడటానికి కళ్లు చాలు. లూప్‌లో కాజీపేట వైపు ముఖం పెట్టి గూడ్సు ఏదైనా నిలబడి ఉందా? ఉంటే ఏ ఎక్స్‌ప్రెస్ కోసం ఆగింది? ఆ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఎక్కడుందో ఫోన్ చెబుతుంది. అది దాటిన కొద్ది నిమిషాలకు స్టేషన్ వదలమని చెప్పే స్టార్టర్ సిగ్నల్ పసుపు పడుతుంది, గూడ్సు కదులుతుంది, వంతెన ఎక్కుతుంది. నేను ఈలోపు బైకు మీద ఒడ్డుకు చేరాలి.

ఇంత సులువైన విషయం కనిపెట్టడానికి రెండు నెలలు పట్టింది.

ఈరోజు లూప్ ఖాళీ.

జనవరి 12, భోగి ముందు రోజు

లూప్‌లో బొగ్గు బండి ఉంది! ఎక్స్‌ప్రెస్ టైముకే ఉంది. సూర్యోదయం 6:47. లెక్క గీసినట్టు కుదిరింది. ఒడ్డుకు పరిగెత్తాను. వంతెన లేదు. మంచు. నది, ఆకాశం, వంతెన మూడూ కలిపి తెల్లగుడ్డ కప్పినట్టు. బండి పోతున్న చప్పుడు మాత్రం నీళ్ల మీద నుంచి చాలా స్పష్టంగా వచ్చింది. 58 వ్యాగన్లు చెవులతో లెక్కపెట్టాను. ఫొటో తీశాను కూడా, తెల్ల కాగితంలా వచ్చింది.

జనవరి 26, ఆదివారం

రిపబ్లిక్ డే జెండా అయ్యాక అక్క వాళ్ల ఊరు. కుంభమేళా మొదలైనప్పటి నుంచి ప్రయాగ్‌రాజ్ స్పెషల్ బండ్లు ఎక్కువయ్యాయి. ఉన్న కాస్త సందు వాటికే పోతోంది, గూడ్సులు లూపుల్లో మగ్గుతున్నాయి. గేట్‌మన్ కూడా విసిగిపోయి ఉన్నాడు, గేటు వేసినప్పుడల్లా ట్రాక్టర్లవాళ్లు ఆయన్నే తిడుతున్నారు.

మధ్యాహ్నం చింటూ లెక్క తప్పింది. "మామా, యాభై తొమ్మిది అయినయి, బ్రేక్ వ్యాను రాలే. ఇంకా వస్తున్నయి!" చూస్తే మధ్యలో ఇంకో ఇంజన్. రెండు ఖాళీ గూడ్సు బండ్లు కలిపి ఒకే బండిగా నడుపుతున్నారు. లాంగ్ హాల్ అంటారు. రెండు బండ్లు ఒకే సందులో పోతాయి, లైను మిగులుతుంది. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడేసి బండ్లు కలిపి 177 వ్యాగన్లతో త్రిశూల్, గరుడ అని రెండు నడిపింది. కొండపల్లి నుంచి ఖుర్దాకు ఒకటి, రాయచూరు నుంచి మణుగూరుకు ఇంకొకటి. ఆ రెండు బండ్ల గురించి చెబితే చింటూ నోరు తెరిచి విన్నాడు. వాళ్ల టీచరు చెప్పింది ఏదైనా ఇంత శ్రద్ధగా విని ఉంటాడా అని నాకు వృత్తిరీత్యా బాధ కలిగింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

వచ్చింది.

లూప్‌లో బొగ్గు బండి, మంచు లేదు, ఎక్స్‌ప్రెస్ నాలుగు నిమిషాలే లేటు. ఒడ్డున ట్రైపాడ్ పెట్టి, వెలుగు కొలిచి, షట్టర్ 1/1000, ఎఫ్/8 పెట్టుకుని నిలబడ్డాను. సూర్యుడు వంతెన మీదికి వేలెడంత వచ్చాడు. ఇంజన్ వచ్చింది, సూర్యుడి ముందు నుంచి దాటింది, వ్యాగన్లు దాటాయి. ఇరవై ఆరు ఫొటోలు. చేతులు వణికాయి, చలికి మాత్రమే కాదు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిచాను. నల్ల గీత.

అంతే. బాక్స్‌ఎన్ వ్యాగన్ అంటే నిలువు గోడల డబ్బా. ఒకదాన్నొకటి ఆనుకుని పోతాయి. ఎదుటి వెలుగులో తీస్తే వ్యాగన్లు కనపడవు, బొగ్గు కనపడదు, స్కేలు పెట్టి గీసిన నల్ల గీత కనపడుతుంది. సూర్యుణ్ణి కూడా మూసేసింది. ఇంజన్ ఉన్న రెండు ఫొటోలు పరవాలేదు, మిగతావి ఎవరికైనా చూపిస్తే వంతెనకు తారు పూశారా అంటారు. మూడు నెలలు బొగ్గు బండి బొగ్గు బండి అని కలవరించాను గానీ, దాని నీడ ఎలా ఉంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆవిడ చూసి, "బాగానే ఉంది గదా" అంది. ఆ "గానే"లో అంతా ఉంది.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

సెలవు. ఒడ్డు నిండా స్నానాలు చేసేవాళ్లు. ట్రైపాడ్ పెట్టేందుకు జానెడు చోటు లేదు. నేను కూడా మునిగి వచ్చేశాను. చలి శివశివా అంటూ పోయిందంటారు, నీళ్లలో మాత్రం ఇంకా అక్కడే ఉంది.

మార్చి 2, ఆదివారం

ఇదే ఆఖరి ఆదివారమని తెలుసు. సూర్యుడు తూర్పుకు ఎనిమిది డిగ్రీల దగ్గరికి వచ్చేశాడు. ఫ్రేములో ఎడమ అంచుకు జరిగి, ఒడ్డు చెట్లకు తగులుకునేలా ఉన్నాడు. నేనే ఒడ్డు వెంట వెనక్కి, పడమరగా చాలా దూరం నడిచి కోణం సరిచేసుకున్నాను. 55-250 లెన్స్ చివరి దాకా లాగాల్సి వచ్చింది.

స్టేషన్ లూప్‌లో చూసినప్పుడే గుండె జారింది. బొగ్గు కాదు, ట్యాంకర్లు. పెట్రోలు, డీజిలు మోసే బీటీపీఎన్ గుండ్రటి ట్యాంకులు. తిరిగి పోదామనుకున్నాను. ఎలాగూ లేచాం కదా అని ఒడ్డుకు పోయాను.

6:30కు సూర్యుడు. ఎక్స్‌ప్రెస్ పోయింది. తొమ్మిది నిమిషాలకు హారన్. ఇంజన్ వంతెన ఎక్కి, ఒక్కొక్క కమ్మీ దాటుతూ వచ్చింది. దాని వెనక ట్యాంకులు. గుండ్రటి ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య కింది వైపు సందు ఉంటుంది, పైన భుజాలు వంగి ఉంటాయి. ఆ సందుల్లోంచి సూర్యుడు వెలిగి ఆరి, వెలిగి ఆరి. ప్రతి ట్యాంకు వీపు మీదా సన్నటి ఎర్రటి అంచు. పైనెక్కే నిచ్చెన, మూత దగ్గర చిన్న కటకటాలు కూడా విడివిడిగా కనపడ్డాయి. నీళ్లలో దాని నీడ ఇంకో బండిలా తలకిందులుగా పోయింది.

నలభై ఫొటోలు తీశాను. పన్నెండోది సరైనది. సూర్యుడు ఏడో ట్యాంకుకూ ఎనిమిదో ట్యాంకుకూ మధ్య సరిగ్గా కూర్చున్నాడు.

మార్చి 9, ఆదివారం

ఫొటో పెద్ద సైజులో ప్రింటు వేయించాను. ఒకటి మా ఇంటికి, ఒకటి చింటూకి, ఒకటి గేట్‌మన్‌కు.

గేటు దగ్గరికి పోయేసరికి ఆయన చేతిలో ఫోన్ రిసీవర్. నంబర్ రాసుకుని, గేటు వేసి, కంటైనర్ బండిని తోక దాకా చూసి పంపి, అప్పుడు చేతులు తుడుచుకుని ఫొటో తీసుకున్నాడు. వెలుగుకు ఎత్తి పట్టి ఎడమ నుంచి కుడికి నిదానంగా చూశాడు. మళ్లీ కుడి నుంచి ఎడమకు చూశాడు.

"మంచిగనే ఉన్నది గని సార్," అన్నాడు, "ఎల్‌వీ బోర్డు రాలే గదా ఇందులో?"